చదరంగం గింజల లెక్క: ఎక్సెల్‌లో చివర సున్నాలు, నాన్న పద్యంలో 615, ఏది రైటు?

బ్రాడీపేట_బుజ్జి

అందరికీ నమస్తే. డౌటు చిన్నదే కానీ మా ఇంట్లో రెండ్రోజుల్నించి ఇదే పంచాయితీ. మాది గుంటూరు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తా, కూడికలు తీసివేతలంటే భయం లేదు గానీ థియరీలు మనకి రావు. మా వాడు ఏడో క్లాసు. చదరంగం బోర్డు మీద మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అట్లా రెట్టింపు చేసుకుంటా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు అని స్కూల్లో అడిగారంట, చదరంగం కనిపెట్టినాయన రాజుగారిని బహుమానంగా ఇన్ని గింజలు అడిగాడనే ఆ కథ మీ అందరికీ తెలిసిందే.

నేను ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్‌లో 64 వరసలు కిందకి లాగి సమ్ కొట్టా. ముందు 1.84E+19 అంది, కాదమ్మా పూర్తిగా చూపించు అని ఫార్మాట్ మారిస్తే 18446744073709600000 అని వచ్చింది. సరే ఇదే రాసుకోరా అని పిల్లోడికి చెప్తుంటే మా నాన్న మంచం మీంచే "చివర సున్నాలేందిరా, 615 ఉండాలి" అన్నాడు. ఆయనకి 78 ఏళ్ళు, పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు గానీ చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న పద్యాలు మాత్రం పొల్లు పోకుండా చెప్తాడు. ఇది పావులూరి మల్లన అనే పాతకాలం లెక్కల కవి పద్యమంట, ఈ లెక్క మొత్తం దాంట్లోనే ఉందంట:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఒక్కో మాటకి ఒక్కో అంకె, చివర్నించి వెనక్కి చదవాలి అన్నాడు. కూర్చుని రాసుకుంటే నాకు 1844674407370951615 వచ్చింది. లెక్కపెట్టి చూస్తే 19 అంకెలే! ఎక్సెల్‌లోదేమో 20 అంకెలు. ఇప్పుడు ఎవర్ని నమ్మాలి? ఇంకో డౌటు, అన్నీ రెట్టింపులే అయినప్పుడు అన్నీ సరి సంఖ్యలే కదా, చివర 5 ఎట్లా వస్తది? పిల్లోడు వేరే అడుగుతున్నాడు, ఇంత పెద్ద నంబరు ప్రైమా కాదా అని. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి, సోమవారం లోపు కావాలి.

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్

బ్రో ఇది 2^64 − 1 కదా, అంటే 64 రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. రెండు పవర్ ఏదో మైనస్ ఒకటి అంటే మెర్సెన్ ప్రైమ్. కాబట్టి ప్రైమే. మీవాడికి చెప్పెయ్.

---

గవర్నరుపేట_గంగ

చివర 5 ఉన్న నంబరు ప్రైమ్ ఎట్లా అయిద్ది బాబూ... ఐదో ఎక్కం రాదా? బ్యాక్‌బెంచ్ అని పేరు పెట్టుకున్నందుకు న్యాయం చేశావు 😀

---

సత్యనారాయణపురం_మాష్టారు

బుజ్జి గారూ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను రిటైరైన లెక్కల మాష్టారిని, ముప్పై ఏళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డా, ఈ పద్యం నోటికొచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారంటే భలే సంతోషంగా ఉంది.

పద్యం కరెక్టు. తప్పు మీరు రాసుకోవడంలో పడింది, ఎక్కడ పడిందో కూడా చెప్తా. వరసగా చూడండి: శర అంటే బాణం, మన్మథుడివి ఐదు బాణాలు కాబట్టి 5. శశి 1. షట్క 6. చంద్ర 1. శర మళ్ళీ 5. సాయక 5. రంధ్ర 9, నవరంధ్రాలు. తర్వాత వియన్నగాగ్ని, ఇక్కడే పిల్లలు బోల్తా పడతారు, అది ఒక మాట కాదు, వియత్ + నగ + అగ్ని, అంటే ఆకాశం 0, కొండ 7, అగ్ని 3. భూధర అంటే మళ్ళీ కొండే, 7. గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య అంటే బ్రహ్మగారి ముఖాలు 4, కుంజర అంటే ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది కాబట్టి 8, తుహినాంశు చంద్రుడే, 1. మొత్తం ఇరవై. వెనక నుంచి చదివితే:

1,84,46,74,40,73,70,95,51,615

మీరు "శర సాయక" రెండూ బాణమే కదా అని కలిపి ఒకే 5 వేసుకుని ఉంటారు. నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా క్లాసులో కూడా ఏడాదికి ఒకడైనా అదే చేసేవాడు. అక్కడ రెండు ఐదులు పక్కపక్కనే ఉన్నాయి, ఒకే మాట రెండుసార్లు వేస్తే బాగోదని, గణాలు కూడా కుదరాలి కదా అని, కవి ఇంకో మాట వాడాడు. అది చంపకమాల, అడుగుకి 21 అక్షరాలు. సాయక తీసేస్తే పద్యమే కుంటుతుంది, కాబట్టి నోటికొచ్చినవాడు అంకె పోగొట్టుకోలేడు. కాగితం మీదకి దించేటప్పుడే పోతుంది.

మీ 19 అంకెలది తప్పని పద్యం లేకుండా కూడా పట్టుకోవచ్చు, అది మీవాడికి నేర్పండి. గళ్ళని జతలు జతలుగా కూడండి. 1+2 = 3. 4+8 = 12. 16+32 = 48. ప్రతి జతా మూడో ఎక్కంలోదే. 64 గళ్ళంటే 32 జతలు, అన్నీ మూడుతో పోయేవే, కాబట్టి మొత్తం కూడా మూడుతో నిశ్శేషంగా పోవాలి. ఇప్పుడు అంకెలు కూడండి. అసలు నంబరు అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది. మీరు రాసినదాని మొత్తం 82, పోదు. అయిపోయింది, తప్పు దొరికింది.

చివర 5 సంగతి. అన్నీ రెట్టింపులే గానీ మొదటి గడిలో ఉన్నది 1 కదండీ, అదొక్కటే బేసి, మిగతా 63 గళ్ళూ సరి. బేసి ఒకటి కలిస్తే మొత్తం బేసే. 5 ఎందుకంటే నాలుగేసి గళ్ళు కూడి చూడండి: 1+2+4+8 = 15, ఆ తర్వాత నాలుగూ 240, ఆ తర్వాత నాలుగూ 3840. అన్నీ 15తో పోయేవే. ఐదుతో పోయే బేసి సంఖ్య చివర 5 కాక ఇంకేముంటుంది.

---

కృష్ణలంక_కోడర్

మాష్టారి పోస్టుకి దండం. ఎక్సెల్ సైడ్ నేను చెప్తా.

అది అబద్ధం చెప్పలేదన్నా, దానికి గుర్తుండేదే అంత. ఎక్సెల్ ఏ నంబర్‌నైనా 15 అంకెల వరకే చూపిస్తది, ఆ తర్వాత సున్నాలు పెట్టేస్తది. మీ నంబర్లో మొదటి 15 అంకెలు 184467440737095, ఆ పక్కన ఉన్నది 5 కాబట్టి రౌండ్ చేసి 096 చేసింది, మిగతా ఐదు చోట్లా సున్నాలు. అంతే కథ. లోపల అది నంబర్లని దాచే పద్ధతిలో 53 బిట్లే (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు) ఉంటాయి, 2^53 అంటే 9007199254740992, అది దాటాక ప్రతి పూర్ణ సంఖ్యా అందులో పట్టదు, కొన్నిటిని వదిలేసి దూకుతుంది. మీ సమ్ లోపల నిజానికి 2^64 అయి కూర్చుని ఉంటది, ఆ మైనస్ ఒకటి ఎప్పుడో గాల్లో కలిసిపోయింది.

మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి ఇది మాత్రం రాసిపెట్టుకోండి. 16 అంకెల కార్డు నంబరు ఎక్సెల్‌లో మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోద్ది, ఎర్రర్ కూడా చూపించదు, నవ్వుతూ ఊరుకుంటది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండొందల మంది అకౌంట్ నంబర్లు ఒక షీట్లో ఎక్కించా, పొడుగ్గా ఉన్నవాటి తోకలన్నీ సున్నాలైపోయాయి, మూడ్రోజుల తర్వాత గానీ చూసుకోలా, తర్వాత నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాస్తే బాగోదు. సెల్‌లో నంబరు ముందు ఒక సింగిల్ కొటేషన్ గుర్తు (') పెట్టండి, లేదంటే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ చేసేయండి. ఆధార్ 12 అంకెలే కాబట్టి బతికిపోయాం.

ఇంకోటి, ఈ నంబరు మా కోడింగ్ వాళ్ళకి చుట్టం లాంటిది. 64 బిట్లు ఉన్న డబ్బాలో అన్ని బిట్లూ 1 అయితే వచ్చే విలువ అచ్చం ఇదే, దానికి ఇంకో గింజ కలిపితే డబ్బా మొత్తం సున్నా అయిపోద్ది. చెస్ ఆడే ప్రోగ్రాములు కూడా బోర్డుని ఇట్లాగే గుర్తుపెట్టుకుంటాయి, ఒక్కో గడికి ఒక్కో బిట్, తెల్ల బంట్లు ఎక్కడెక్కడున్నాయి అంటే ఒక్క నంబరు. అంటే బోర్డులో 64 గళ్ళూ నిండితే ఆ నంబరు మీ నాన్నగారి పద్యమే.

---

బ్రాడీపేట_బుజ్జి

మాష్టారూ, నిజంగానే శర సాయక రెండూ కలిపి ఒక్క 5 వేశానండీ! మా నాన్నకి చెప్తే "నేను రెండు మాటలు చెప్తే నువ్వు ఒకటే రాసుకున్నావు, చిన్నప్పట్నించీ అంతే" అన్నాడు. ఇంట్లో పరువు పోయింది, పర్లేదు.

కోడర్ తమ్ముడూ, మా షీట్లో రైతుల అకౌంట్ నంబర్లు ఉన్నాయి, నువ్వు రాసింది చదివి రాత్రి పదకొండింటికి లేచి ల్యాప్‌టాప్ తీశా. టెక్స్ట్‌లోనే ఉన్నాయి, వెంకన్న దయ.

ప్రైమ్ కాదని అర్థమైంది, 3తో 5తో పోతుంది కాబట్టి. కానీ పిల్లోడు వదలట్లా, ఇంకా దేంతో దేంతో పోతుందో మొత్తం చెప్పమంటున్నాడు. 20 అంకెల నంబర్ని విడగొట్టాలంటే కంప్యూటర్ కావాలా?

---

పటమట_ఇంటర్_మేడమ్

కంప్యూటర్ అక్కర్లేదండీ, బోర్డు చాలు. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తా, ఈ లెక్క నాకు మహా ఇష్టం, అందుకే కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నా, ఏమనుకోకండి.

మాష్టారు రెండేసి, నాలుగేసి గళ్ళు కూడారు కదా, అదే ఊపులో ముందుకెళ్ళండి. బోర్డులో ఒక వరస, అంటే ఎనిమిది గళ్ళు, మొత్తం 255. అది 3 × 5 × 17. రెండో వరస అంటే దానికి 256 రెట్లు, మూడోది మళ్ళీ 256 రెట్లు, కాబట్టి బోర్డు మొత్తం 255తో పోతుంది. రెండు వరసలు కలిపితే 255 × 257 = 65535. నాలుగు వరసలు, అంటే సగం బోర్డు, 65535 × 65537 = 4294967295. ఎనిమిది వరసలూ కలిపితే దాన్ని మళ్ళీ 4294967297తో గుణించాలి. స్కూల్లో a² − b² చదివినవాళ్ళకి ఇది అదే అని ఈపాటికి వెలిగి ఉంటుంది. ప్రతిసారీ బోర్డు రెట్టింపు చేస్తుంటే ఒక కొత్త ముక్క వచ్చి చేరుతోంది: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ముక్కలకి ఫెర్మా సంఖ్యలని పేరు. మొదటి ఐదూ ప్రైములు. ఫెర్మా అనే పాతకాలం ఫ్రెంచి లెక్కలాయన ఇవి చూసి, ఇట్లా వచ్చేవన్నీ ప్రైములేనని నమ్మాడు. అంత పెద్ద మనిషి చెప్పాక ఎవరు కాదంటారు? ఆ తర్వాత 1732లో ఆయిలర్ అనే ఇంకో లెక్కలాయన వచ్చి ఆరోదాన్ని, అంటే మన బోర్డు రెండో సగంలో వచ్చే ఆ 4294967297ని, 641 × 6700417 అని విడగొట్టి చూపించాడు. దెబ్బకి ఫెర్మా నమ్మకం పోయింది. ఇప్పటివరకు ఆ ఐదు తప్ప ఇంకో ఫెర్మా ప్రైమ్ ఎవరికీ దొరకలేదు.

641తో పోతుందని భాగహారం చెయ్యకుండానే చూపించొచ్చు, చిన్న గమ్మత్తు, నేను ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద చేసి చూపిస్తా. 641ని రెండు రకాలుగా రాయండి. 5 × 128 + 1 అది. 625 + 16 కూడా అదే. మొదటిదాన్ని బట్టి, 641తో భాగిస్తే మిగిలే శేషం లెక్కలో 5 × 2^7 అంటే −1తో సమానం. దాన్ని నాలుగో పవర్ చేస్తే 5^4 × 2^28 అంటే 1. రెండోదాన్ని బట్టి 5^4 అంటే 625, అది −16తో సమానం, అంటే −2^4. పెట్టేయండి: −2^4 × 2^28 = 1, అంటే −2^32 = 1, అంటే 2^32 + 1 = 0. శేషం సున్నా. అయిపోయింది! మొదటిసారి ఇది చూసినప్పుడు నేను బస్సులో ఉన్నా, దిగాల్సిన స్టాపు దాటేసి బెంజి సర్కిల్ దాకా వెళ్ళిపోయా.

మొత్తానికి మీవాడికి కావాల్సింది ఇదీ:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రైములు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి ఈ నంబర్ని నిశ్శేషంగా భాగించేవి 1తో, తనతో కలిపి 2^7 అంటే 128.

సగం బోర్డు నంబరు, 4294967295, అది కూడా మామూలుది కాదు. తెలిసిన ఫెర్మా ప్రైములు ఐదింటినీ గుణిస్తే అచ్చం అదే వస్తుంది. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చని 1796లో గాస్ అనే జర్మన్ కుర్రాడు చూపించాడు, అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. వాడి పద్ధతిలో గీయడానికి వీలయ్యే బేసి భుజాల బహుభుజుల్లో ఇప్పటిదాకా తెలిసిన వాటన్నిట్లోకీ పెద్దది 4294967295 భుజాలది. గీస్తే అది గుండ్రంగానే కనపడుతుందనుకోండి.

బ్యాక్‌బెంచ్ తమ్ముడి మాటలో కూడా పూర్తిగా తప్పు లేదు పాపం. 2^n − 1 ప్రైమ్ కావాలంటే n ప్రైమ్ అయి తీరాలి. 64 ప్రైమ్ కాదు కాబట్టి ఇది కాదు. 61 గళ్ళ దగ్గర ఆపేస్తే వచ్చే 2305843009213693951 మాత్రం నిజంగా ప్రైమే, 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ తేల్చాడు. ఇప్పుడు తెలిసిన అన్నిటికన్నా పెద్ద ప్రైమ్ కూడా ఈ జాతిదే, 2^136279841 − 1, 2024 అక్టోబర్లో దొరికింది, 4,10,24,320 అంకెలు. దానికి పద్యం రాయమంటే మల్లన కూడా చేతులెత్తేస్తాడు.

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్

మేడమ్ థ్యాంక్స్, సగం మార్కులైనా వేశారు 🙏 గంగక్కా విన్నావా

---

తెనాలి_వడ్లబస్తా

అందరూ అంకెలే మాట్లాడుతున్నారు, బియ్యం సంగతి ఎవరూ చూడట్లా. మాది వ్యవసాయం, నాకు అదే గుర్తొచ్చింది. ఇంట్లో తినే సన్నబియ్యం వెయ్యి గింజలు మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కపెట్టాం, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదట్నించి, కంసాలి కాటా మీద పెడితే పది గ్రాములు, ఒక పిసరు అటూ ఇటూ. ఆ లెక్కన మొదటి వరస ఎనిమిది గళ్ళూ కలిపి 255 గింజలు, పిల్లిక్కూడా చాలదు. సగం బోర్డు అయ్యేసరికి 43 టన్నులు, రెండు మూడు లారీలు, మిల్లు వాళ్ళు నవ్వుతూ ఇచ్చేస్తారు. రాజుగారు ఒప్పుకున్నది ఇక్కడిదాకా చూసే అయ్యుంటది.

మొత్తం బోర్డుకి 18 వేల కోట్ల టన్నుల పైన. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నులకి కాస్త ఎక్కువ, అంటే మూడొందల ఏళ్ళ పైన పండిందంతా ఒక్క గింజ తినకుండా దాచాలి. ఎక్కడ దాస్తాం? లీటరు డబ్బాలో ఎనిమిదొందల గ్రాములు పడతాయనుకుంటే ఆ బియ్యం పోయడానికి ఎనిమిది వేల టీఎంసీల చోటు కావాలి. ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీలు. నాగార్జునసాగర్‌లో 312. అంటే 26 సాగర్లు నిండా బియ్యం. నీళ్ళకే కొట్టుకుంటున్నాం, ఇంక బియ్యానికి ట్రిబ్యునల్ వేయాలి.

---

సత్యనారాయణపురం_మాష్టారు

వడ్లబస్తా గారూ, మీ దంపతుల ఓపికకి జోహార్లు. మూడు కర్రల మీద పళ్ళేల్ని ఒక్కోటిగా, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా మార్చే ఆట ఒకటుంది, హనోయ్ టవర్ అంటారు, 1883లో ల్యూకా అనే ఫ్రెంచి లెక్కలాయన బయటపెట్టాడు. 64 పళ్ళేలుంటే అన్నిటినీ ఒక కర్ర మీంచి ఇంకో కర్రకి మార్చడానికి కనీసం పట్టే ఎత్తులు కూడా ఇదే నంబరు. సెకనుకి ఒక ఎత్తు వేసినా 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఈ విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్ళు అంటున్నారు. గింజలు లెక్కపెట్టే పని దీనికన్నా తేలిక కాదు.

---

బ్రాడీపేట_బుజ్జి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మావాడు 4294967297ని 641తో కాగితం మీద భాగించాడు, నాలుగో ప్రయత్నంలో శేషం సున్నా వచ్చింది, ఎగిరి గంతేశాడు. మేడమ్ గారి శేషాల గమ్మత్తు నాకే సగం అర్థమైంది, వాడికి తర్వాత చూద్దాం.

ఈరోజు పొద్దున తాతా మనవడూ హాల్లో చెస్ బోర్డు పరిచి నిజం బియ్యంతోనే మొదలెట్టారు. తొమ్మిదో గడి నుంచి గింజలు గడిలో ఆగట్లా, పక్క గళ్ళలోకి దొర్లుతున్నాయి, పదకొండో గడికి 1024 లెక్కపెట్టేసరికి మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. ఆట అక్కడితో బంద్. వాడు మాత్రం మొత్తం కూడుకుని, "నాన్నా 11 ప్రైమే కదా, మరి 2047 కూడా ప్రైమేగా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా నాన్న మంచం మీంచి 23తో పోతుందేమో చూడరా అన్నాడు. పోయింది. 23 × 89.

మేడమ్ గారూ, n ప్రైమ్ అయి తీరాలన్నారు గానీ, ప్రైమ్ అయితే చాలదని ముందే చెప్పుంటే మా ఇంట్లో ఇంకో పంచాయితీ తప్పేది.

---

పటమట_ఇంటర్_మేడమ్

😀 రాయడం మర్చిపోయానండీ, తప్పు నాదే. 2047 అలాంటివాటిలో అన్నిటికన్నా చిన్నది. మీ నాన్నగారికి 23 ఎట్లా తట్టిందో మాత్రం కాస్త కనుక్కుని చెప్పండి.